వేలికొన నలిగితే మొదటి గంటలో ఏం చేయాలి, ఏం చేయకూడదు

(తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ పనివాళ్లు, ఆశా కార్యకర్తలు, ఆర్.ఎం.పి.ల ముందు ఒక చేతి సర్జన్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అన్నలకు, అక్కలకు, పల్లెల నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలకు, వెనక వరసలో కూర్చున్న ఆర్.ఎం.పి. మిత్రులకు నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండప్పా. చేసి చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఈ పూట మాట్లాడేది వేలి చివరి కణుపు గురించి మాత్రమే. బండ దించేటప్పుడు కింద ఇరుక్కునేది అదే. కట్టర్‌కు తగిలేది, బండి చైను తుడిచేటప్పుడు పళ్ల చక్రంలోకి పోయేది, గడ్డి కోసే మిషనులో, శెనక్కాయల మిషను బెల్టులో పడేది కూడా అదే. ఇంట్లో చంటిపిల్లలకైతే తలుపు సందు చాలు.

ఒక మాట ముందే చెప్పి మొదలుపెడతాను. వేలికొనకు దానంతటది మానే శక్తి చాలా ఎక్కువ. అక్కడికి రక్తం బాగా వస్తుంది. ఆ శక్తిని మనం చెడగొట్టకుండా ఉంటే సగం వైద్యం అయినట్టే. చెడగొట్టేవి మూడు: గాయం మీద పూసే పూతలు, వేలి మొదట్లో బిగించే కట్లు, తొందరపడి ఎముక కత్తిరించి కుట్టేయడం. మొదటి రెండు మీ చేతుల్లో ఉన్నాయి. మూడోది మా వాళ్ల చేతుల్లో ఉంది. దాని గురించి కూడా దాచకుండా చెబుతాను.

మీ చూపుడు వేలు ఒకసారి చూసుకోండి. పైన గోరు, దాని కింద గులాబీ రంగు పొర. ఆ పొర ఎముకను దాదాపు అంటుకునే ఉంటుంది, మధ్యలో కొవ్వు ఏమీ లేదు. అందుకే గోటికింద పొర చీలిన చోట ఎముక కూడా విరిగి ఉండొచ్చని ఎప్పుడూ అనుమానించాలి. గోరు పుట్టే చోటు మాత్రం మీకు చాలావరకు కనిపించదు, గోటి మొదట్లో చర్మం మడత లోపల ఉంటుంది. వేలి అరచేతి వైపు మెత్తగా ఉన్న గుజ్జును కోసి చూస్తే దానిమ్మకాయలో గదులున్నట్టు ఉంటుంది. ఎముక నుంచి చర్మానికి గట్టి పోగులు అడ్డగోడల్లా వెళ్తాయి, నడుమ కొవ్వు. ఆ గదుల్లో కాస్త రక్తం చేరినా, చీము చేరినా సాగడానికి చోటు ఉండదు. ఇంత చిన్న దెబ్బకు అంత సలుపు ఎందుకని అడుగుతారే, కారణం ఇదే.

ఇప్పుడు దెబ్బ తగిలింది అనుకుందాం. మొదట మిషను ఆపండి. నవ్వొద్దు, తిరిగే మిషను పక్కన నిలబడి వేలు చూసుకుంటూ రెండో చెయ్యి కూడా పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. తర్వాత ఉంగరం తీసేయండి. గంటలో వేలు వాచిపోతుంది, అప్పుడు ఉంగరమే ఉరి అవుతుంది. రాకపోతే సబ్బునీళ్లు పోసి తిప్పుతూ లాగండి. అయినా రాకపోతే ఆసుపత్రిలో కత్తిరిస్తారు, ఉంగరం మీద ప్రేమ పెట్టుకోవద్దు.

రక్తం ఆపడానికి కావలసింది శుభ్రమైన గుడ్డ, ఓపిక. గుడ్డ నేరుగా గాయం మీద పెట్టి గట్టిగా ఒత్తి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచి, గడియారం చూసి 10 నిమిషాలు పట్టుకోవాలి. నడుమ తీసి చూడకూడదు. అందరూ చేసే పొరపాటు ఇదే. రెండు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తి చూస్తారు, అప్పుడే గడ్డకడుతున్న రక్తం ఊడి వస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. 10 నిమిషాలకు ఆగకపోతే ఇంకో 10 నిమిషాలు ఒత్తండి. వేలికొన గాయం దాదాపు ఎప్పుడూ దీనితోనే ఆగుతుంది.

(సభలోంచి: "రబ్బరు బ్యాండు వేస్తే టక్కున ఆగుతుంది కదా సార్?")

ఆగుతుంది. రక్తంతోపాటు వేలి ప్రాణం కూడా ఆగుతుంది. రబ్బరు బ్యాండు, బైండింగ్ వైరు, చీర అంచు పోగు, ఏదీ వేలి మొదట్లో బిగించొద్దు. మీరు బిగించింది పైన గుడ్డ చుట్టాక ఎవరికీ కనిపించదు. ఇక్కడి నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి పోవాలంటే గంట దాటుతుంది, చీటీ రాయించుకుని డాక్టరు దగ్గరికి పోయేసరికి ఇంకెంతో. అంతసేపూ రక్తం లేకుండా వేలుంటే, కొన మీది గాయం కాస్తా మొత్తం వేలికి ఎసరవుతుంది. మా ఆపరేషన్ గదిలో కూడా కుట్లు వేసేటప్పుడు గ్లౌజు వేలు కత్తిరించి వేలి మొదట్లో బిగిస్తాం. కానీ దానికి తప్పనిసరిగా ఒక ఆర్టరీ ఫోర్సెప్స్, అంటే రక్తనాళాన్ని పట్టే ఉక్కు పటకారు, తగిలిస్తాం. ఎందుకంటే రబ్బరు ముక్క ఒక్కటే ఉంటే మరిచిపోయి దాని మీదే కట్టు కట్టేసే ప్రమాదం ఉంది. ఆర్.ఎం.పి. మిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రక్తం నెమ్మదించాక కడగాలి. కుళాయి కింద, తాగే నీళ్లతో, ధారగా 5 నుంచి 10 నిమిషాలు. చుట్టూ చర్మానికి సబ్బు పెట్టొచ్చు. బండల ఫ్యాక్టరీలో ఇది ఇంకా ముఖ్యం. కట్టర్ దగ్గర ఉండే ఆ బూడిదరంగు రాతి బురద గాయంలో ఉండిపోతే చీము పట్టడం ఒక్కటే కాదు, మానిన తర్వాత చర్మం కింద పచ్చబొట్టులా నల్లగా నిలిచిపోతుంది. మొదటి రోజు కడిగితే పోయేది తర్వాత కోసి తీయాల్సి వస్తుంది. కట్టర్ మీదికి వచ్చే నీళ్లు తిరిగి తిరిగి వచ్చే నీళ్లు, వాటితో కడగొద్దు.

ఇక పూతలు. పసుపు, కాఫీపొడి, సున్నం, కిరోసిన్, టూత్‌పేస్టు, గ్రీజు. పసుపు వేసినవాళ్లను తిట్టను, పెద్దలు నేర్పింది. కానీ ఆ పొడిని మేము మళ్లీ రుద్ది తీయాలి, అప్పుడు మీకే నొప్పి. చీలిక ఎంతవరకు ఉందో కూడా ఆ రంగులో కనిపించదు. సున్నం, కిరోసిన్ అలా కాదు, అవి బతికున్న కండను కాలుస్తాయి. నీళ్లు కలపని డెట్టాల్, స్పిరిట్ కూడా అంతే. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టు అనుకుంటారు, కాలుతున్నది మానాల్సిన కణాలే.

కొన ముక్క తెగి పడితే వెతకండి. ఎంత చిన్నదైనా, నలిగినదైనా తీసుకురండి. పనికొస్తుందో లేదో చెప్పడం మా పని. దాన్ని మెల్లగా ఒకసారి కడిగి, సెలైన్‌తో తడిపి పిండిన గాజు గుడ్డలో, అంటే కట్లకు వాడే పలచటి జాలీ గుడ్డలో, చుట్టాలి. సెలైన్ లేకపోతే శుభ్రమైన నీళ్లు. ఆ పొట్లాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి గట్టిగా కట్టాలి. ఇంకో కవర్లో కాసిని నీళ్లు, కాసిని ఐసు వేసి మొదటి కవరును అందులో పెట్టాలి. ముక్క ఐసుకు తగలకూడదు, నీళ్లలో నానకూడదు. ఐసు నేరుగా తగిలితే కండ గడ్డకట్టి చస్తుంది, నీళ్లలో నానితే ఉబ్బి పాడవుతుంది. ఫ్రీజరులో అసలే వద్దు. ఇలా చల్లగా ఉంచితే తెగిన వేలు 24 గంటల దాకా అతికించడానికి పనికిరావచ్చు, వేడికి వదిలేస్తే 12 గంటల లోపే ఆశ పోతుంది. మన ఎండల్లో దాన్ని జేబులో పెట్టుకుని రావడం అంటే ముక్కను వదులుకున్నట్టే. గోటి దగ్గర రక్తనాళాలు మిల్లీమీటరు కంటే సన్నం. మైక్రోస్కోపు కింద అతికించేవాళ్లు పెద్ద ఊళ్లలోనే దొరుకుతారు, నలిగిన ముక్క కంటే నున్నగా తెగిన ముక్కకే అవకాశం ఎక్కువ. అతకకపోయినా దాని చర్మాన్ని, గోటిని వాడుకునే వీలు ఉంటుంది. ఆరేళ్ల లోపు పిల్లల్లోనైతే చిన్న కొన ముక్కను రక్తనాళాలు కలపకుండా కుట్టినా చాలాసార్లు పట్టుకుంటుంది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఏం జరగాలో చెబుతాను, సరిగా జరుగుతున్నదా లేదా మీరే చూసుకోవచ్చు.

మత్తు సూది వేయకముందే మూడు చూడాలి: కొనకు స్పర్శ ఉందా, చివరి కీలు వంగుతున్నదా, చాస్తే చాగుతున్నదా. సూది వేశాక స్పర్శ చూడటం కుదరదు. తర్వాత రెండు వైపుల నుంచి ఎక్స్‌రే. ఆ తర్వాత వేలి మొదట్లో రెండు పక్కలా 2 శాతం లిగ్నోకెయిన్ మత్తు మందు, పెద్దవాళ్లకు మొత్తం 2 నుంచి 3 మి.లీ. 5 నుంచి 10 నిమిషాలు ఆగాలి. చాలామంది ఆగరు. వేసిన వెంటనే గుచ్చి, "మందు పట్టలేదు" అని ఇంకో సూది వేస్తారు.

గోటి కింద నల్లగా రక్తం చేరడం మీరు ఎక్కువగా చూసేది. గోరు అంచులు చెదరకుండా, గట్టిగా అతుక్కుని ఉంటే, నలుపు ఎంత పెద్దదైనా గోరు పీకక్కర్లేదు. సలుపు లేకపోతే అసలేమీ చేయక్కర్లేదు, అదే పెరిగి ముందుకు పోతుంది. సలుపు భరించలేనంత ఉంటే గోటికి చిన్న రంధ్రం చేయాలి. గోరు శుభ్రం చేసి, 18 నంబరు సూదిని రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ దొర్లిస్తూ దించాలి, పొడవకూడదు. రక్తం చుక్క పైకి రాగానే ఆపేయాలి. లోపల ఉన్న రక్తమే పొరకు అడ్డుగా ఉంటుంది కాబట్టి ఆపాల్సిన చోట ఆపితే పొరకు దెబ్బ తగలదు. మనిషి ముఖం అక్కడికక్కడే తేటపడుతుంది. ఇది మొదటి 24 నుంచి 48 గంటల్లోనే ఉపయోగం, తర్వాత రక్తం గడ్డకట్టి బయటికి రాదు.

గోరు చీలినా, పక్కకు లేచినా, మొదట్లోంచి మడత బయటికి ఊడి వచ్చినా కథ వేరు. అప్పుడు గోరు జాగ్రత్తగా ఎత్తి, కింద పొరను కడిగి, కరిగిపోయే సన్నటి 6-0 దారంతో సరిగ్గా అంచుకు అంచు చేర్చి కుట్టాలి. ఇక్కడ పీకి పారేయడానికి ఏమీ లేదు. నలిగినట్టు కనిపించే పొర ముక్కను కూడా తిరిగి పెట్టి కుడితే బతుకుతుంది. కత్తిరించి పడేస్తే మాత్రం ఆ చోట గోరు జీవితమంతా చీలి వస్తుంది. తర్వాత అదే గోటిని కడిగి, మడత కిందికి దూర్చి అతికించడం పాత పద్ధతి. గోరు లేకపోతే దారం ప్యాకెట్టు లోపలి రేకును ఆ ఆకారంలో కత్తిరించి పెట్టేవాళ్లు. పిల్లల విషయంలో గోరు తిరిగి పెట్టడం తప్పనిసరి కాదని బ్రిటన్‌లో 450 మందికి పైగా పిల్లల మీద జరిగి 2023లో అచ్చయిన అధ్యయనం చూపింది. పెట్టినా, పెట్టకపోయినా గోరు ఒకేలా వచ్చింది. కాబట్టి మీ బిడ్డ గోరు డాక్టరు పెట్టలేదని గొడవ పడొద్దు.

కొన తెగి, ఎముక కనిపించకపోతే, ఖాళీ చదరపు సెంటీమీటరు లోపు ఉంటే, దానికి మించిన వైద్యం లేదు: కట్టు కట్టి వదిలేయడం. చర్మం చుట్టూ నుంచి లోపలికి లాక్కుంటూ 3 నుంచి 6 వారాల్లో మూసుకుపోతుంది. గుజ్జు నిండుతుంది, స్పర్శ కూడా చాలావరకు వస్తుంది. కుట్టి మూసిన కొనకంటే ఇలా మానిన కొన చాలాసార్లు బాగుంటుంది. నాకు ఇందులో అనుమానం లేదు. చిక్కేమిటంటే ఓపిక ఎవరికీ లేదు. మూడోవారంలో ఎర్రటి కండ చూసి "ఇంకా మానలేదు, కుట్టేయండి సార్" అంటారు.

కట్టు ఎలా కట్టాలో చూడండి. గాయం మీద మొదట పారాఫిన్ గాజు, అంటే మైనం లాంటి జిడ్డు పట్టించిన గాజు గుడ్డ, ఒక పొర. వట్టి గాజు పెడితే ఎండి కరుచుకుంటుంది, తీసేటప్పుడు కొత్తగా వచ్చిన చర్మం కూడా ఊడి వస్తుంది. దాని మీద పొడి గాజు గుడ్డ, వేలి పొడుగునా కొన మీదుగా పోవాలి. ఆ పైన వదులుగా చుట్టు. టేపు గుండ్రంగా చుట్టొద్దు, నిలువుగా వేయండి. చుట్టు కట్టాక పక్కన కనిపించే చర్మాన్ని నొక్కి వదలండి, రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే విప్పి మళ్లీ కట్టండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొర కట్టు దొరికితే ఇంకా మేలు, వారానికి ఒకసారి మారిస్తే చాలు. దాని లోపల పసుపుపచ్చ నీరు చేరి వాసన వస్తుంది. అది చీము కాదు, భయపడి రోజూ విప్పొద్దు. ఎరుపు వేలి పైకి పాకడం, జ్వరం, రాత్రి నిద్ర పట్టని సలుపు, ఇవి వస్తే మాత్రం ఆగొద్దు.

ఎముక బయటికి కనిపిస్తే ఆపరేషన్ అవసరం పడొచ్చు. రెండు దారులు. ఎముకను ఒక్క రవ్వ తగ్గించి చర్మం మీదికి లాగి మూయడం ఒకటి, పక్క చర్మాన్ని జరిపి లేదా పక్క వేలి చర్మాన్ని తెచ్చి కప్పడం రెండోది. పక్క వేలి నుంచి తెస్తే రెండు వేళ్లూ 2, 3 వారాలు కలిపి కుట్టి ఉంటాయి. త్వరగా పనికి పోవాలనుకునేవాడికి మొదటిది నయం, చేతి పనితనం మీద బతికేవాడికి రెండోది. ఏదైనా సరే డాక్టరును అడగండి: "ఎముక ఎంత తీస్తారు? గోటికి కింద ఆనిక ఉంటుందా?" ఆనిక లేకుండా గోరు వదిలితే అది చిలకముక్కులా కిందికి వంగి పెరుగుతుంది, ప్రతి పనికీ తగులుతుంది.

బీడీ, సిగరెట్టు తాగేవాళ్లు మానేదాకా ఆపాలి. పొగాకు సన్నటి నాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. తెచ్చి కప్పిన చర్మం నల్లబడి పోవడానికి ఇదో పెద్ద కారణం.

ధనుర్వాతం సూది గురించి. దెబ్బ తగిలిన ప్రతిసారీ వేయించుకునేది కాదు. చిన్నప్పటి నుంచి కనీసం 3 డోసులు పడి ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి చివరి సూది పడి 10 ఏళ్లు దాటితేనే వేయాలి. మట్టి, పేడ, తుప్పు అంటిన గాయానికి 5 ఏళ్లు దాటితే వేయాలి. మూడు డోసులు పడ్డాయో లేదో తెలియని మనిషికి, గాయం మురికిదైతే, సూదితోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ (ధనుర్వాతాన్ని అప్పటికప్పుడు అడ్డుకునే తయారు ప్రతిరక్షకాల మందు) 250 యూనిట్లు రెండో చోట వేయాలి. మనం చేసేదేమో తలకిందులు. ఏటా దెబ్బ తగిలేవాడికి ఏటా టి.టి., ఎప్పుడూ సూది పడని ముసలాయనకు మాత్రం ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఉండదు. యాంటీబయోటిక్ మాత్రలు కూడా అలాగే. బాగా కడిగిన మామూలు గాయానికి అవి అక్కర్లేదు. కడగని గాయానికి అవి చాలవు.

ఒక గాయం గురించి గొంతు పెంచి చెప్పాలి. గ్రీజు గన్ను, పెయింటు గన్ను, జాకీ హైడ్రాలిక్ పైపు. పైపుకు సన్న చిల్లి ఉందేమోనని వేలు పెట్టి చూస్తారు. వేలికొనలో సూదిమొన అంత రంధ్రం, రక్తం కూడా రాదు, మొదటి గంటలో నొప్పి కూడా ఉండదు. లోపల మాత్రం నూనె వేలి పొడుగునా అరచేతిదాకా పోయి ఉంటుంది. ఇది ఆపరేషన్ చేసి శుభ్రం చేయాల్సిన గాయం, అదీ మొదటి 6 గంటల్లో. "చిన్న పోటే కదా" అని మాత్ర వేసుకుని పడుకున్నవాళ్లలో చాలామంది వేలు పోగొట్టుకుంటారు. ఎవరైనా కట్టు కట్టి పంపబోతే, ఏ గన్ను, లోపల ఏ ద్రవం అన్నది నోరు తెరిచి చెప్పండి. వేలికొనకు ఓపిక పట్టమన్నాను కదా, ఈ గాయానికి మాత్రం ఆ మాట వర్తించదు.

పిల్లల వేలు తలుపులో పడినప్పుడు గోరు మునుపటికంటే పొడుగ్గా కనిపిస్తున్నా, దాని మొదలు మడత పైకి వచ్చి కూర్చున్నా, కింద ఎముక పెరిగే చోట విరిగి ఉండొచ్చు. దాన్ని "గోరు ఊడింది" అని కట్టు కట్టి పంపితే చీము ఎముకలోకి దిగుతుంది. ఎక్స్‌రే తప్పనిసరి, అదీ పక్క నుంచి తీసినది.

వేలు చివర వంగి, చాస్తే లేవకపోతే స్నాయువు, అంటే కండను ఎముకకు కలిపే తాడు, తెగినట్టు. గాయం కూడా ఉండదు, దుప్పటి మడిచేటప్పుడు కూడా తెగుతుంది. చివరి కీలు ఒక్కటీ నిటారుగా ఉండేలా బద్ద వేసి 6 నుంచి 8 వారాలు రాత్రీ పగలూ ఉంచాలి. నడిమి కీలు వదిలేయాలి. బద్ద మార్చేటప్పుడు వేలిని బల్ల మీద ఆనించి ఉంచండి, ఒక్కసారి కొన కిందికి వాలిందా, లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి. దీనికి తలకిందులుగా, కొన వంచలేకపోతే లోపలి స్నాయువు తెగింది. అది వారం పది రోజుల్లో ఆపరేషన్ చేయాల్సినది, బద్దతో కాలం గడపొద్దు.

(సభలోంచి ఒక అక్క: "గోరుచుట్టుకు నిమ్మకాయ పెట్టుకోవచ్చా సార్?")

నిమ్మకాయ తొడిగితే చల్లగా ఉంటుందమ్మా, చీము మాత్రం ఎక్కడికీ పోదు. మొదటి రోజుల్లో, ఇంకా చీము పట్టకముందు, గోరువెచ్చటి నీళ్లలో 10, 15 నిమిషాలు, రోజుకు 3, 4 సార్లు ముంచితే చాలాసార్లు తగ్గిపోతుంది. తెల్లగా చీము కనిపిస్తే తీయించాలి. గుజ్జు వైపు గట్టిపడి, సలుపుకు రాత్రి నిద్ర లేకపోతే ఆరోజే పోవాలి, నేను ఇందాక చెప్పిన గదుల్లో చీము ఇరుక్కుంటే ఎముక పుచ్చుతుంది. షుగరు ఉన్నవాళ్లు ఒక రోజు కూడా ఆగొద్దు.

మానిన తర్వాత మిగిలేవి రెండు: బిగుసుకున్న కీళ్లు, ముట్టుకుంటే జివ్వుమనే కొన. మొదటిదానికి, డాక్టరు వద్దన్న కీలు తప్ప మిగతావి మొదటి రోజు నుంచే ఆడించాలి. కొన ఒక్కటి దెబ్బతింటే చెయ్యంతా గుడ్డలో చుట్టి మెడకు వేలాడదీసుకుని నెల తర్వాత పిడికిలి పట్టడం రాని వాళ్లే ఎక్కువ. రెండోదానికి, గాయం పూర్తిగా మూసుకున్నాక మొదట దూది, తర్వాత తువ్వాలు, తర్వాత గోనెపట్టా, ఇలా గరుకు పెంచుతూ రోజుకు నాలుగైదు సార్లు రుద్దండి. గిన్నెలో కొర్రలో జొన్నలో పోసి అందులో వేళ్లు దూర్చి కలపండి. చలికాలంలో కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, ఒక ఏడాదికి తగ్గుతూ వస్తుంది. కొత్త గోరుకు తొందరపడొద్దు. మొదటి 3 వారాలు పెరుగుదల ఆగుతుంది, తర్వాత నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు. పూర్తి గోరు రావడానికి 4 నుంచి 6 నెలలు.

ఇక కాగితాలు. డాక్టర్లం దీన్ని మరిచిపోతాం. పనిలో తగిలిన దెబ్బ అయితే చీటీలో "పనిచేసే చోట, ఫలానా మిషను" అని రాయించండి. ఎక్స్‌రే ఫిల్ము దాచుకోండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూలులో చూపుడు వేలు ఒక కణుపు పోతే సంపాదన శక్తిలో 9 శాతం నష్టం అని, ఎముక పోకుండా కొన మాత్రమే తెగితే 5 శాతం అని లెక్క వేశారు. అంటే ఎముక పోయిందా లేదా అన్నది డబ్బు విషయం కూడా. అది రుజువు చేసేది దెబ్బ తగిలిన రోజు ఎక్స్‌రే, ఆపరేషన్ చీటీలో ఉన్న ఒక్క వాక్యం. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్లకు దారి వేరు, అక్కడే అడగాలి. కార్డు లేనివాళ్లు సంఘం వాళ్లను అడగండి.

(సభలోంచి: "పనికి ఎప్పుడు పోవచ్చు సార్?")

రెండు బండల మధ్య చెక్క ముక్క పెట్టి బండ దించే పని అయితే, కుట్లు తీసి, గాయం పూర్తిగా మూసుకుని, ఆ వేలితో గట్టిగా చిటికె పట్టుకోగలిగినప్పుడు. మామూలుగా 4 నుంచి 6 వారాలు. గాయం తెరిచి ఉండగా తడిపని వద్దు, కట్టర్ దగ్గర అసలే వద్దు. గ్లౌజు గురించి ఎవరో చీటీ పంపారు: బండలెత్తేటప్పుడు తొడగండి. తిరిగే మిషను దగ్గర తీసేయండి, గుడ్డ గ్లౌజును అది పట్టుకుంటే వేలితో ఆగదు, చెయ్యిని లాక్కుంటుంది. ఇప్పుడు ఆర్.ఎం.పి. మిత్రులు ముందుకు రండి, కట్టు కట్టడం మీ చేత చేయిస్తాను.